హిమోగ్లోబిన్ ఏడు దాటకుండా చూసుకోవడం ఎలా?

ఇంటిల్లిపాదికీ పనికొచ్చే పన్నెండు చిట్కాలు

మాది అన్నోజిగూడ. ఉప్పల్ దాటి, బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి మీదుగా ఘట్‌కేసర్ పోయే 280 నంబరు బస్సెక్కినవాళ్లకు మా ఊరు తెలిసే ఉంటుంది. ఈ దారిలో ఇనుముకు లోటు లేదు. 2018లో ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ పని మొదలుపెట్టారు. స్తంభాల నెత్తిన ఇనుప చువ్వలు ఏళ్లకేళ్లు ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాయి. వాటి కింద దుమ్ములో ఆఫీసులకూ కాలేజీలకూ పోయే ఆడవాళ్ల ఒంట్లో మాత్రం ఇనుము కరువు. మనిషి ఒంట్లో ఉండాల్సిన ఇనుమంతా పోగేస్తే మూడు నాలుగు గ్రాములు, అంటే ఒక చిన్న మేకంత. ఆ మేకే దొరకడం లేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తహీనత. అయిదేళ్ల లోపు పసిపిల్లల్లో 70 శాతానికి. దేశం మొత్తం మీద ఆడవాళ్లలో 57 శాతమైతే మగవాళ్లలో 25. ఇంత పెద్ద అంకె ఊరికే రాదు. దాని వెనక ఇంటింటి కృషి ఉంది. ఆ కృషిలో నా వాటా కూడా ఉందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాములు, గర్భిణికి 11, మగవాళ్లకు 13 తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీస్తే, ఇరవై రెండేళ్ల సంసారంలో మా ఇంటామె హిమోగ్లోబిన్‌ను 7.4 దగ్గర నిలబెట్టినవాణ్ని నేను.

మా ఇంటి నుంచి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు పోతే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మెకారిసన్ అనే దొర ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన పరిశోధన అది. 1958లో హైదరాబాద్ వచ్చింది. దేశమంతా ఏం తినాలో, ఎంత తినాలో లెక్కలు కట్టేది అక్కడే. అయినా పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. అందుకే వాళ్లను పక్కన పెట్టి, నా అనుభవసారం ఈ చిన్న పుస్తకంగా మీ ముందుంచుతున్నాను.

1. పాలిపోతే రంగు తేలిందనండి

ఇది పునాది. పిల్ల మొహం పాలిపోగానే "ఈ మధ్య తెల్లగైనవ్ బిడ్డా, ఏం రాస్తున్నవ్?" అని అడగండి. మా ఇంటామెను పెళ్లిచూపుల్లో చూసినప్పుడు మా అమ్మ అన్న మొదటి మాట "పిల్ల మంచి రంగు". అది రంగు కాదు, రక్తం లేకపోవడమని తెలియడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. కింది కనురెప్పను వేలితో లాగి లోపల ఎర్రగా ఉందా, పాలిపోయిందా చూడమని ఆశా వర్కర్లు చెబుతారు. నాలుక చూడమంటారు, గోళ్లు గరిటెల్లా గుంటలు పడ్డాయా చూడమంటారు. మీరు అవేవీ చూడకండి. మెచ్చుకోలుతో సరిపెట్టండి. మెచ్చుకున్న జబ్బుకు ఎవరూ మందు అడగరు.

2. ఆయాసాన్ని బద్ధకమనండి

రెండో అంతస్తు మెట్లెక్కి తలుపు పట్టుకుని నిలబడితే "ఇంత చిన్న వయసులోనే ఇంత ఆయాసమా, మా కాలంలో బాయి కాడినుంచి రెండు బిందెలు మోసేటోళ్లం" అనాలి. పొద్దున లేవలేకపోతే సెల్‌ఫోన్ మీద నెట్టాలి. జుట్టు రాలితే బోరు నీళ్ల మీద నెట్టాలి. పిల్ల బలపాలు కొరుకుతున్నా, పచ్చి బియ్యం బుక్కుతున్నా, ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు నములుతున్నా నవ్వి ఊరుకోవాలి. తినకూడనివి తినాలనిపించడం ఇనుము తక్కువైందని ఒళ్లు వేసే కేక అంటారు వైద్యులు. మీరు ఇంకో బలపాల డబ్బా కొనివ్వండి.

3. ఆమె ఆఖరున తినాలి

పన్నెండింటిలో ఒక్కటే పాటించే ఓపిక ఉంటే దీన్ని పాటించండి. మిగతావన్నీ దీని పిల్లలు.

ఆదివారం మా ఇంట్లో మటన్. అరకిలో మాంసం, పావుకిలో కార్జం. కార్జం వేపుడు కాగానే మొదటి గిన్నె మా అమ్మకు, ఆమె పెద్దది. రెండోది నాకు, సంపాదించేవాణ్ని. మూడోది మా తమ్ముడి కొడుక్కు, ఎదిగే పిల్లగాడు. మా బిడ్డకు రెండు ముక్కలు, అదీ "ఆడపిల్లకు అంత వేడి పనికిరాదు" అనే షరతుతో. అందరూ లేచాక మా ఇంటామె వంటింట్లో పీట వేసుకుని, కూర వండిన గిన్నెలోనే అన్నం వేసి, అంచులకు అంటుకున్న మసాలా వేళ్లతో తుడుచుకుంటూ కలుపుకుంటుంది. "గిన్నెల కలుపుకుంటేనే రుచి" అంటుంది. మేమూ నమ్మాం. ముక్క లేని రుచి గురించి ఇరవై రెండేళ్లు విన్నాం.

ఇప్పుడు తార్నాక వాళ్ల లెక్క వినండి. 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం రోజుకు మగవాడికి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, ఆడదానికి 29. నెలనెలా పోయే రక్తం ఆమెది కాబట్టి ఎక్కువ ఆమెకే కావాలి. గర్భం వస్తే ఆ తొమ్మిది నెలలకూ కలిపి అదనంగా దాదాపు ఒక గ్రాము ఇనుము బిడ్డకూ, మాయకూ, పెరిగే రక్తానికీ పోతుంది. మేము వడ్డించే వరస సరిగ్గా దీనికి తలకిందులు. మాంసంలో, కార్జంలో ఉన్న ఇనుము ఆకుకూరలో ఉన్నదానికంటే చాలా సులువుగా ఒంటికి పడుతుంది. పైగా పక్కన ఉన్న పప్పులోని ఇనుమును కూడా వెంట తీసుకుపోతుంది. అందుకే ముక్క ఆమె కంచం దాకా రానివ్వకండి.

4. అన్నం తిన్న వెంటనే చాయ్

మా చౌరస్తాలో చాయ్ హోటళ్లు బాగానే ఉన్నాయి. ఇంట్లో కూడా తక్కువేం లేదు. పొద్దున ఉప్మా మీద ఒక చాయ్, మధ్యాహ్నం పప్పన్నం మీద ఒకటి, సాయంత్రం అటుకులతో ఒకటి. చాయ్‌లోని వగరు పదార్థం అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును పేగుల్లో పట్టుకుని వదలదు. భోజనంతోపాటు తాగితే ఆ పూట ఇనుము సగానికి పైగా బయటికే పోవచ్చు. ఒక్క కప్పుతో ఇంత పని చేసే చిట్కా మరొకటి లేదు.

భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా చాయ్, కాఫీ వద్దని 2024 మేలో తార్నాక సంస్థ తన ఆహార మార్గదర్శకాల్లో రాసింది. ఆ వార్త మా కాలనీ నడక బృందంలో చాయ్ తాగుతూనే చదివాం. "గంట ఆగితే అది చాయే కాదు" అని ఏకగ్రీవంగా తీర్మానించాం.

ఇక్కడే నిమ్మకాయ గురించి కూడా జాగ్రత్త. తోటకూర పప్పు మీద అరచెక్క నిమ్మకాయ పిండినా, భోజనంతో ఒక ఉసిరికాయో జామపండో తిన్నా ఆకుల్లోని ఇనుము ఒంటికి ఎక్కడం మొదలవుతుంది. కాబట్టి నిమ్మకాయలను గుమ్మానికి మిరపకాయలతో కలిపి కట్టండి. దిష్టి పోతుంది, ఇనుమూ రాదు.

5. ఎర్రగా ఉన్నదల్లా రక్తమే

"రక్తం తక్కువుంది" అని నోరు జారగానే ఎదురింటి వదిన చెప్పే మాట బీట్‌రూట్. పక్కింటి అక్క చెప్పేది దానిమ్మ. ఇద్దరి మాటా వినండి. ఎందుకంటే వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. దానిమ్మలో ఇంకా తక్కువ. రోజుకు 29 కావాల్సిన మనిషి బీట్‌రూట్‌తోనే తెచ్చుకోవాలంటే మూడు కిలోలకు పైగా తినాలి. మనం తాగేది ఒక గ్లాసు, అదీ వడగట్టి.

ఆ గ్లాసు విలువ ఇనుములో లేదు. "ఏదో ఒకటి చేస్తున్నాం" అనే తృప్తిలో ఉంది. ఆ తృప్తితో ఆరు నెలలు దవాఖాన మొహం చూడకుండా గడిపేయవచ్చు. ఎరుపుతోనే రక్తం వచ్చేదైతే ఎర్రబస్సు ఎక్కిన ప్రతివాడూ పట్నం చేరేలోపు పుంజుకునేవాడు కదా అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

మాంసం పక్కన పెడితే, అసలు ఇనుము ఉన్నవి చాలావరకు ఎర్రగా ఉండవు. అవి మునగాకు, తోటకూర, నువ్వులు, సజ్జలు, ఉలవలు, పెసలు, శనగలు. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఇనుము ఎక్కువుండే ధనశక్తి అనే సజ్జ రకాన్ని తయారుచేసిందీ మన పొరుగునే. పప్పులను నానబెట్టి మొలకెత్తిస్తే, పిండిని పులియబెడితే అందులోని ఇనుము ఒంటికి ఇంకాస్త తేలిగ్గా అందుతుంది. ఇంత చవకైనవి మందుగా పనిచేస్తాయంటే ఎవరు నమ్ముతారు? మునగచెట్టు ఇంటి ముందుంటే కొమ్మ విరుగుతుందని కొట్టించేయండి.

6. ఇనుప మూకుడును పాత సామాను వాడికి వేయండి

మా నాయనమ్మ మూకుడు ఒకటి ఉండేది, రెండు చేతులతో ఎత్తాలి. అందులో టమాటా వండితే కూర నల్లబడేది. చింతపండు పులుసు పోస్తే ఇంకా నల్లబడేది. ఆ నలుపే ఇనుము. పులుపు తగిలితే పెనం నుంచి ఇనుము కాస్త కాస్తగా కూరలోకి దిగుతుంది. కాంబోడియాలో రక్తహీనతకు విరుగుడుగా చిన్న ఇనుప చేపబొమ్మను చేయించి, ఉడికే నీళ్లలో వేసి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండి వాడమని కొన్ని పల్లెల్లో ఇచ్చారు. వాళ్ల దగ్గర మా నాయనమ్మ మూకుడు లేదు మరి.

మేము దాన్ని కిలోల లెక్కన అమ్మేశాం. వచ్చిన డబ్బుకు ఇంకొంచెం కలిపి నాన్‌స్టిక్ పెనం కొన్నాం. దోశ అంటుకోవడం లేదు. ఇనుమూ అంటుకోవడం లేదు.

7. రేషన్ బియ్యంలో "ప్లాస్టిక్" గింజలు ఏరండి

రేషన్ బియ్యంలో నూటికి ఒక గింజ తేడాగా, కాస్త పసుపుగానో మరీ తెల్లగానో కనిపించవచ్చు. నీళ్లలో పోస్తే కొన్నిసార్లు తేలుతుంది. అది బలవర్ధక గింజ. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి మళ్లీ గింజ ఆకారంలో పోతపోసినది. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ఎర్రకోట మీద ప్రకటించాక రేషన్‌లో, బడి భోజనంలో, అంగన్‌వాడీల్లో దశలవారీగా ఈ బియ్యమే వచ్చింది.

మీరు చాటలో పోసి, అద్దాలు పెట్టుకుని, ఒక్కొక్కటి ఏరి పారేయండి. వీలైతే వీడియో తీసి బంధువులకు పంపండి. అంతకీ మిగిలితే మూడు నాలుగు నీళ్లు గట్టిగా కడిగి, గంజి వార్చి పారబోయండి.

8. ఐరన్ గోలీ మింగే పద్ధతి

సర్కారు దవాఖానలో ఊరికే ఇచ్చే ఎర్ర గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. గర్భిణికి రోజుకు ఒకటి చొప్పున కనీసం ఆరు నెలలు, కాన్పయ్యాక ఇంకో ఆరు నెలలు. బడి పిల్లలకు వారానికొకటి నీలం గోలీ, చిన్నవాళ్లకు గులాబీ రంగుది. దేశంలో ఈ గోలీల పంపిణీ 1970లో మొదలైంది. అర్ధశతాబ్దం దాటినా అంకె కదలడం లేదంటే, మన ఇళ్లలో గోలీ మింగే పద్ధతికీ అందులో వాటా ఉంది.

ఆ ఫోలిక్ యాసిడ్ వెనక ఒక భీమవరం మనిషి ఉన్నాడని కూడా చెప్పాలి. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు మింగింది. ఒంట్లో రక్తం పట్టనివ్వని జబ్బది. ఆయనకూ వచ్చి, చావు తప్పి బయటపడ్డాడు. తర్వాత అమెరికా పోయి, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకు మందు దొరికింది. మనవాడు ప్రాణం పెట్టి కనిపెట్టింది మన ఫ్రిజ్ మీద దుమ్ము కొట్టుకుంటోంది. మా ఇంట్లో ఆ పట్టీ చోటు అదే. ఫ్రిజ్ మీద, పాత కరెంటు బిల్లుల కింద, రెండు గోలీలు మాత్రమే తీసిన పట్టీ.

మింగాల్సి వస్తే ఇలా మింగండి. ఖాళీ కడుపున, నిమ్మరసం నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది కాబట్టి అలా వద్దు. గ్లాసుడు పాలతో వేసుకోండి, పాలలోని కాల్షియం అడ్డుపడుతుంది. లేదా చాయ్‌తో. కాల్షియం గోలీ కూడా రాసి ఉంటే రెండూ ఒకేసారి గుటుక్కున మింగండి. పక్కన రోజూ ఒక గ్యాస్ గోలీ ఉంటే ఇంకా మేలు, కడుపులో పులుపు తగ్గితే ఇనుమూ సరిగా కరగదు.

రెండు రోజులు మరిచిపోతే మూడో రోజు మూడూ కలిపి మింగండి. ఒక గోలీ పడగానే కాలేయం హెప్సిడిన్ అనే కావలివాణ్ని పంపి, దాదాపు ఒక రోజంతా పేగుల తలుపు సగం మూయిస్తుందట. అందుకే కొందరికి రోజు విడిచి రోజు వేసుకున్నా సరిపోతుందని డాక్టర్లు ఇప్పుడు రాస్తున్నారు. మూడు ఒకేసారి వేస్తే తలుపు ముందు తోపులాటే ఎక్కువ, లోపలికి అదనంగా పోయేది పెద్దగా ఉండదు. కడుపులో మంట మాత్రం గ్యారంటీ. దాన్ని చూపించి మొత్తం మానేయవచ్చు.

మానేయడానికి మంచి ముహూర్తాలు ఇవి: విరేచనం నల్లగా అయిన మొదటి రోజు (ఆ గోలీలు వేసుకుంటే అలాగే అవుతుంది, ప్రమాదమేం లేదు), మలబద్ధకం వచ్చిన రోజు (తిన్నాక వేసుకోమనో, మందు మార్చో డాక్టరే సర్దుతాడు, అడగకండి), "వేడి చేస్తది, పుట్టే బిడ్డ నల్లగైతది" అని మా అమ్మలాంటి పెద్దావిడ చెప్పిన రోజు. అన్నిటికంటే మంచిది నాలుగో వారం. అప్పటికి ఒంట్లోకి కాస్త ఓపిక వస్తుంది, ఇక అవసరం లేదనిపిస్తుంది. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా దాదాపు మూడు నెలలు వేసుకుంటేనే ఒంట్లో ఇనుము నిల్వ నిండుతుందని డాక్టర్లు మొత్తుకునేది అందుకే. జేబులోకి జీతం వచ్చింది కానీ బ్యాంకులో పైసా లేదన్నమాట. అలా ఆపేస్తే కొన్నాళ్లకు మళ్లీ కిందికే.

9. సెలైన్ పెట్టించండి

నీరసానికి మన దగ్గర తిరుగులేని వైద్యం సీసా. సందు చివర డాక్టరు దగ్గర బల్ల మీద పడుకుని, మేకుకు వేలాడే సీసాలోంచి బొట్టు బొట్టు దిగుతుంటే కళ్లు మూసుకోవడంలో ఉన్న సుఖం గోలీలో లేదు. ఆ లీటరులో తొమ్మిది గ్రాముల ఉప్పు, మిగతా నీళ్లు. ఇనుము సున్నా. డబ్బులిచ్చి, సూది గుచ్చించుకుని ఉప్పునీళ్లు తెచ్చుకోవడం మన సంస్కృతి.

గోలీలు అసలు పడనివాళ్లకు, గర్భంలో నెలలు నిండుతున్నా హిమోగ్లోబిన్ ఎక్కనివాళ్లకు ఐరన్‌ను నరంలోకి ఎక్కించే మందులు నిజంగానే ఉన్నాయి. అయితే వాటిని దవాఖానలో, డాక్టరు కళ్ల ముందే ఎక్కించుకోవాలి. ఆ షరతు మనకు గిట్టదు.

10. రక్తం ఎక్కడికి పోతోందో అడగకండి

కుండకు చిల్లి ఉన్నప్పుడు నీళ్లు పోస్తూ ఉండటం మహా వినోదం.

మా ఇంటామెకు నెలసరి ఎనిమిది తొమ్మిది రోజులు. గడ్డలు గడ్డలుగా పోయేదట. "పోయేదట" అనడం ఎందుకంటే నాకు చెప్పలేదు. నేను అడగలేదు. మా అమ్మతో అంటే "ఆడదాని ఒళ్లు, మామూలే" అంది. ఆమె తన తల్లి దగ్గర విన్న మాటే అది. గర్భసంచిలో గడ్డలున్నా, థైరాయిడ్ తేడా ఉన్నా, ఇంకేదైనా ఉన్నా నెలనెలా అలా పోతుంటే ఎన్ని గోలీలు మింగినా బొక్కెన నిండదని చెప్పే మనిషి ఆ ఇంట్లో లేడు.

ఇంకో చిల్లి నులిపురుగులు. కొంకిపురుగు పేగు గోడకు పట్టుకుని రోజూ కాస్త కాస్త రక్తం తాగుతుంది. ఉత్త కాళ్లతో తడి మట్టిలో తిరిగితే పాదంలోంచి ఎక్కుతుంది. ఏటా ఫిబ్రవరి 10న బడిలో, అంగన్‌వాడీలో పిల్లలకు ఒక ఆల్బెండజోల్ గోలీ ఇస్తారు. ఆ రోజు పిల్లను బడి మాన్పించండి.

11. పరీక్ష చేయిస్తే ఒక్క అంకె చూసి మడిచేయండి

హైదరాబాద్ ల్యాబుల్లో సీబీపీ అంటే ఎవరైనా చేస్తారు. కాగితం చేతికి రాగానే పైన హిమోగ్లోబిన్ అంకె చూసి మడిచి జేబులో పెట్టుకోండి. కింద ఎర్రకణం సైజు రాసి ఉంటుంది, చదవకండి. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష రాస్తే అనవసర ఖర్చనండి.

ఎందుకంటే రక్తం తక్కువున్న ప్రతివాళ్లకూ ఇనుమే తక్కువ కాకపోవచ్చు. బీ12 తక్కువ కావచ్చు. తలసీమియా వాహకులకు పుట్టుకతోనే ఎర్రకణాలు చిన్నవిగా, హిమోగ్లోబిన్ కాస్త తక్కువగా ఉంటాయి. వాళ్లకు ఇనుము నిండుగా ఉండి కూడా ఏళ్ల తరబడి ఐరన్ సిరప్ తాగించవచ్చు. పైగా భార్యాభర్తలిద్దరూ వాహకులైతే పుట్టే ప్రతి బిడ్డకూ తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. బతికినన్నాళ్లూ ఆ బిడ్డకు రక్తం ఎక్కిస్తూ ఉండాలి. పెళ్లికి ముందు చిన్న పరీక్షతో తేలే విషయం. మనం జాతకాలు చూస్తాం.

12. మగవాడికి రక్తహీనత ఏమిటి?

ఇది నా సొంత చిట్కా. మూలశంక ఉంది, రెండేళ్లుగా రక్తం పడుతోంది, ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. ఇంటామె కోసం ల్యాబుకు పోయినరోజు నా రక్తం కూడా తీయించింది మా బిడ్డ. 10.1. మగవాడికి ఇనుము తక్కువైతే చాలాసార్లు అది తిండి తక్కువై కాదని, పొట్టలోనో పేగుల్లోనో ఎక్కడో రక్తం పోతూ ఉండవచ్చని, పుండో మూలశంకో ఒక్కోసారి క్యాన్సరో తేల్చుకోవాలని అప్పుడు తెలిసింది. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకూ ఇదే మాట. మీరు మాత్రం బీట్‌రూట్ తాగుతూ ఉండండి.

హెచ్చరిక: చిట్కాలు మరీ బాగా పనిచేస్తే

కూర్చున్నచోటే ఊపిరాడకపోతే, గుండె దడదడలాడితే, కళ్లు తిరిగి పడిపోతే, గర్భిణి కాళ్లు వాచి మెట్లెక్కలేకపోతే, ఐరన్ గోలీలేవీ వేసుకోకుండానే విరేచనం తారులా నల్లగా వస్తే ఈ పుస్తకం మూసేయండి. ఆ రోజే దవాఖానకు పోవాలి. కాన్పులో మామూలుగా పోయే రక్తమే, అప్పటికే రక్తం లేని ఒంటికి ప్రాణం మీదికి వస్తుంది. ఆ మాటలో వెటకారం లేదు.

రచయిత పరాజయం

ఇన్ని చిట్కాలు పెట్టి కాపాడుకున్న ఇల్లు ఇంటర్ చదివే పిల్ల చేతిలో కూలిపోయింది. ఒక ఆదివారం మా బిడ్డ కార్జం గిన్నె తీసుకుని వంటింట్లోంచి వస్తూ, వరస మార్చి, మొదట వాళ్ల అమ్మ కంచంలో వేసింది. మా అమ్మ నోరు తెరిచింది. "నానమ్మా, నీకు 12.2, అమ్మకు 7.4. రిపోర్టు ఉంది, చదవాల్నా?" అంది. ఎవరూ మాట్లాడలేదు. మా ఇంటామె మాత్రం కంచం వైపు చూస్తూ "నాకెందుకే ఇన్ని" అంది, తినడం మొదలుపెట్టడానికి చాలాసేపు పట్టింది.

తర్వాతి మూడు నెలల్లో మా ఇంట్లో చిట్కాలన్నీ ఒకటొకటిగా పాడైపోయాయి. గోలీల పట్టీ ఫ్రిజ్ మీది నుంచి దిగి, వంటింట్లో నిమ్మకాయల బుట్ట పక్కకు చేరింది. చాయ్ గంట వెనక్కి జరిగింది. లేడీ డాక్టరు స్కానింగ్ తీయించి, గర్భసంచిలో గడ్డ ఉందని చెప్పి రక్తస్రావానికి మందు రాసింది. నా మూలశంకకు కూడా ముహూర్తం కుదిరింది. మూడో నెల రిపోర్టులో ఇంటామెకు 11.3. "ఇంకా 12 రాలేదు, వచ్చినా మూడు నెలలు ఆపొద్దు" అని డాక్టరు అమ్మ హెచ్చరించింది. మొన్న రెండో అంతస్తు ఎక్కి, తలుపు పట్టుకోకుండా, నేను ఇంకా మొదటి మలుపులో రొప్పుతుంటే పైనుంచి తొంగి చూసింది.

కాబట్టి ఈ పుస్తకం ఇక మా ఇంట్లో పనికిరాదు. కావాలంటే మీరు తీసుకుపోవచ్చు. వద్దనుకుంటే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఐరన్ గోలీ సర్కారు దవాఖానలో ఊరికే ఇస్తారు. కార్జం ముక్క ఆమె కంచంలో వేయడానికి మాత్రం ఏ పథకమూ రాదు. అది మీరే వేయాలి.